మా నాన్న కోసిన అట్టలు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఎవరో అన్న మాట కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. పక్క జిరాక్స్ షాపు ముందు నలుగురు ఎక్కువ నిలబడితే నాకు మధ్యాహ్నం అన్నం సహించదు. కానీ హసన్‌పర్తి పెయింటర్ మీద పుట్టిన కుళ్లు ముందు అవన్నీ చిన్నవి.

హనుమకొండలో నాది జిరాక్స్ షాపు. పాత డిటెక్టివ్ మంత్లీలు, జేబులో పట్టే పాకెట్ నవలలు పోగుచేయడం నా పిచ్చి. లోపలి కథ కోసం కాదు, హంతకుడెవరో మూడో పేజీలోనే తెలిసిపోతుంది. నాకు కావలసింది అట్ట మీది బొమ్మ. మండుటెండలో కూడా నల్ల ఓవర్‌కోటు విప్పని డిటెక్టివ్. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పిస్తోలు పట్టుకుని ప్రహరీ గోడ దూకుతున్న ఆడమనిషి. కథలో ఆమె గోడ దూకదు సరికదా, అసలు ఆమె ఉండనే ఉండదు. చవక అచ్చులో రంగు నూలుపోగంత పక్కకు జరిగి, పెదవుల ఎరుపు చెంప మీదికి వచ్చేది. ఆ తప్పే నా కంటికి అందం. బొమ్మ వేసినాయన రాత్రికి రాత్రి వేసి ఇచ్చి ఉంటాడు, అయినా ఆ ఆడమనిషి కళ్లలో భయం మాత్రం ఎక్కడా తొందరపడి వేసినట్టు ఉండదు.

చిక్కేమిటంటే, నా దగ్గరున్న రెండు వందల పుస్తకాల్లో అట్ట ఉన్నవి పదకొండే. మిగతావన్నీ మా నాన్న షాపువి. వరంగల్ స్టేషన్ రోడ్డులో నాన్న అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపాడు. అలాంటి బొమ్మ ఉన్న పుస్తకం పట్టుకుని ఇంటికి పోతే ఆడపిల్లలకు తిట్లు, మగపిల్లలకు దెబ్బలు. అందుకని కొత్త పుస్తకం రాగానే నాన్న చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో ముందట్ట కోసేసి, దళసరి అట్ట కుట్టి, ఖాకీ కాగితం వేసి, పైన నంబరు రాసేవాడు. చూసినవాళ్లు లెక్కల గైడు అనుకునేవాళ్లు. దగ్గర్లోని మిగతా అద్దె లైబ్రరీలదీ ఇదే పద్ధతి. అందుకే మా దగ్గర పాత పుస్తకాలు దొరుకుతాయి కానీ పాత అట్టలు దొరకవు.

కోసిన అట్టలు ఇమ్మని చిన్నప్పుడు నాన్న వెంటపడేవాణ్ణి. ఒకసారి ఒకటి నోటుబుక్కులో దాచుకుంటే వీపు విమానం మోత మోగించాడు. అవి ఏమవుతున్నాయని అడిగితే పల్లీల బండివాడికి ఇస్తున్నానన్నాడు. నమ్మాను. చాలా ఏళ్లు పల్లీల పొట్లం విప్పిన ప్రతిసారీ కాగితం లోపలివైపు చూసుకున్నాను.

రెండేళ్ల కింద మా పాత పుస్తకాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన చేరాడు. గోడల మీద, షాపు బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక పని మానేశాడట. ప్రతి ఆదివారం పొద్దున ఒక అట్ట ఫొటో పెట్టేవాడు. మడత లేదు, చెద లేదు, రంగు నిన్న అచ్చయినట్టు ఉండేది. కింద అందరూ దండాలు, చప్పట్లు. నేనూ ఒక బొటనవేలు పెట్టి ఆ రోజంతా ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాణ్ణి. ఫొటోను పెద్దది చేసి చేసి లోపం వెతికేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం ఉండబట్టలేక, ఇవి పాతవి కావు, కలర్ జిరాక్సులు, ఆ మిషన్ మీద బతికేవాడికి తెలియదా అని గ్రూపులో పెట్టేశాను. ఆయన కోపం చేసుకోలేదు. ఇంటికి వచ్చి చేత్తో ముట్టి చూడమని హసన్‌పర్తి అడ్రసు పెట్టాడు. అందరి ముందూ పిలిచాడు కాబట్టి పోక తప్పలేదు.

అవి నకిలీవి కావాలని బండి మీద దారంతా దేవుడికి మొక్కుకున్నాను. డెబ్భై దాటిన మనిషి, బనియన్ మీద ఉన్నాడు. చాయ్ ఇప్పించి ఇనుప పెట్టె తెరిచాడు. చీరలకు వేసే ప్లాస్టిక్ కవర్లలో ఒక్కో అట్ట, మధ్య మధ్య ఎండిన వేపాకు. నూటికి పైనే ఉన్నాయి. పచ్చటి ముఖం దొంగ, మెడకు టెలిఫోన్ వైరు చుట్టుకున్న ఆవిడ, రైలు కిటికీలోంచి బయటికొచ్చిన అస్థిపంజరం చెయ్యి. ముట్టుకున్నాను. అసలైనవే. నేను కళ్లలో నిప్పులు పోసుకుంటున్న సంగతి ఆయనకు కనపడకూడదని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

లోపం కోసమే ఒకదాన్ని వెనక్కి తిప్పాను. ఊదారంగు ముద్ర, మా లైబ్రరీది. ఇంకోటి తిప్పాను, దాని మీదా అదే. నాన్నది ఎడమచేతి వాటం, ఆయన కోత కిందికొచ్చేసరికి లోపలికి వాలుతుంది. ప్రతి అట్టకూ ఆ వాలు ఉంది.

ఎక్కడివని అడిగాను. ఆయన సంతోషంగా చెప్పుకొచ్చాడు. ఇరవై ఏళ్ల వయసులో లైబ్రరీకి బోర్డు రాసి ఇస్తే సేటుకు, అంటే మా నాన్నకు, ఆ చెయ్యి నచ్చిందట. అక్షరాలతో ఆగిపోవద్దు, బొమ్మలు కూడా నేర్చుకొమ్మని, ప్రతి శనివారం ఆ వారం కోసిన అట్టలన్నీ చుట్టి ఇచ్చేవాడట. చూసి వేసిన బొమ్మ మళ్లీ శనివారానికి తెచ్చి చూపించాలి, అదే షరతు. వేళ్లు లావయ్యాయని, చూపు కుదరలేదని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించేవాడట.

మా నాన్నకు బొమ్మలంటే ఇష్టమని నాకు ఆ రోజు దాకా తెలియదు. అట్టలు పోతే పోయాయి, ఆ శనివారాలు నావి. వాటిని ఈ బనియన్ మనిషి అనుభవించాడు. ఆ పెట్టె అక్కడే తగలబడిపోతే బాగుండునని అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

ఆయన ఒక అట్ట తుడుస్తూ తలెత్తకుండా అన్నాడు.

"గా సేటుకు ఒక కొడుకుండె. ఆ పోరని మీద నాకు మస్తు కుళ్లు. కొడుకును ఒక్క బొమ్మ గూడ ముట్టనియ్యకపోతుండె. మావోడు గిసొంటియి సూడొద్దు, మంచిగ సదువుకొని ఆఫీసర్ గావాలె అనేటోడు. మా నాయిన నన్ను బడి బందువెట్టిచ్చి సున్నం బకెట్ చేతికిచ్చిండు. సేటు నాకు బొమ్మలెందుకిచ్చిండంటరు? నేనేమైతె ఆయనకేంది."

నాకు ఒక్కసారిగా ప్రాణం చల్లబడింది. నన్ను చూసి కుళ్లుకున్నవాడు కూడా ఉన్నాడు. అదీ ఈయన. ఆ గొప్ప ఇంకొంచెం అనుభవిద్దామని, ఆ కొడుకును నేనేనని చెప్పేశాను.

ఆయన లేచి నిలబడ్డాడు. మేకుకు ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, ఎంతో ఆశగా అడిగాడు.

"ఏం సదివిన్రు మరి?"

"ఇంటర్ తప్పిన అన్నా. రెండుసార్లు."

ఆయన నవ్వితే బాగుండేది. నవ్వలేదు. యాభై ఏళ్ల కుళ్లు ఆయన ముఖంలోంచి మెల్లగా దిగిపోవడం చూశాను, దాని చోట జాలి వచ్చింది. మీ నాయినయే గదా, ఎన్ని కావాల్నో అన్ని తీస్కపొండ్రి అని పెట్టె నా వైపు జరిపాడు.

ఒక్కటీ తీసుకోలేదు. నన్ను చూసి కుళ్లుకున్న మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, నోరు జారి ఆయన్నీ పోగొట్టుకున్నాను.