గుడ్డెల్లో అమ్మిన చేపలు

కన్నడ రాజధానిలోని నగర్తపేటలో నేను పనిచేసే దుకాణంలో లెక్కల పుస్తకాలు కుట్టి టోకున అమ్ముతారు. వాటిని కట్టలు కట్టి ఆటోల్లోకి ఎక్కించడం నా పని. బడి చదువు ఎనిమిదితో ఆగింది. మా నాన్న మడకశిర వైపు నుంచి ఇక్కడికి కట్టడాల పనికి వచ్చిన మనిషి. ఇటుకలు మోసేవాడి కొడుకు ఇటుకలే మోస్తాడనుకుంటే, నేను పుస్తకాలు మోశాను, అంతే తేడా. మిగతా చదువంతా మా ఇంటికి దగ్గర ఊరైన ఆనేకల్ లైబ్రరీలో సంపాదించుకున్నది. కన్నడం అక్కడే బాగుపడింది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. తేనెటీగల పెంపకం నుంచి సహకార సంఘాల చట్టం దాకా, ఎవరూ ముట్టని అలమరల్లో ఉన్నవన్నీ చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆనేకల్ దాటి అడవి వైపు పోతే ఒక చెరువు ఉంది. దాని కింద, ఒకప్పుడు అడవినే నమ్ముకుని బతికిన ఇరుళిగల కాలనీ. అడవిలోకి పోవడం కష్టమయ్యాక, సంఘం పెట్టుకుని ఆ చెరువులో చేపలు పట్టే హక్కు గుత్తకు తీసుకున్నారు. మొదట్లో పట్టినదంతా ఒక వ్యాపారికి పోసేవాళ్ళు. అతను తూకంలో కొట్టేస్తున్నాడని తెలిసి మానుకుని, గట్టు మీదే కూర్చుని తామే అమ్మడం మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున నేనూ అక్కడే కొనేవాణ్ణి.

వాళ్ళ అమ్మకం చూడముచ్చటగా ఉండేది. వల లాగిన తర్వాత చేపలు టార్పాలిన్ మీద పోసి ఇళ్ళవారీగా పంచుకుంటారు. ఎవరి పాలు వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ముందేసుకుని గుడ్డెలు పెడతారు. గుడ్డె అంటే చిన్న కుప్ప. ఒక బొచ్చె, రెండు రాగండ్లు, పక్కన నాలుగైదు చిన్న జిలేబీ చేపలు. కాటా ఉండదు. గుడ్డెకింత అని ధర ఒకటే, కానీ గుడ్డె మాత్రం ఒకటి కాదు. బాలింత ఉన్న ఇంటి నుంచి వచ్చారని తెలిస్తే అందులోకి ఒక కొర్రమీను వచ్చి చేరుతుంది. కారు దిగి ముక్కు మూసుకునేవాళ్ళకు అదే గుడ్డెలోంచి ఒక జిలేబీ జారిపోతుంది. ఇదంతా మాట్లాడుతూ నవ్వుతూనే జరిగిపోయేది.

సంఘానికి పెద్ద ఒకామె. మా అమ్మ వయసు ఉంటుంది, గొంతు బొంగురు. నన్ను పుస్తకాల అంగడప్పా అని పిలిచేది. ఒక ఆదివారం నా చేపలు ఆకులో చుడుతూ, మంచి లెక్క పుస్తకం ఒకటి తెచ్చిపెట్టమని అడిగింది. ఎందుకంటే చెప్పింది. గుత్త గడువు వచ్చే ఎండాకాలంతో తీరుతుంది. పొడిగించాలంటే ఎంత పట్టారో, ఎంత అమ్మారో చూపించాలని చేపల ఆఫీసువాళ్ళు అన్నారు. వ్యాపారికి పోసిన రోజుల్లో అతనిచ్చిన చీటీలన్నా ఉండేవి. తామే అమ్ముకోవడం మొదలయ్యాక ఒక్క కాగితమూ లేదు. కాగితాల ప్రకారం ఆ చెరువులో చేపలు పట్టడమే మానేశారు. వాడని చెరువును సంఘానికి ఎందుకివ్వాలని ఆఫీసు అడుగుతోంది.

"మేము అమ్మినాము, జనం తిన్నారు," అంది ఆమె. "దానికి సాక్షి యాడనుంచి తెచ్చేదప్పా? తిన్నోళ్ళ కడుపు కోసి చూపించల్లా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ చెరువు తప్ప ఆ కాలనీకి ఇంకో పని లేదు. చుట్టూ ఉన్న కార్ఖానాల్లో వాళ్ళను గేటు దాటనిచ్చేవాళ్ళు కారు.

నేను మా దుకాణంలోని మేలురకం పుస్తకం తెచ్చి, స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు వేశాను. తేదీ, చేప రకం, బరువు, ధర, కొన్నవారి పేరు, ఊరు. ఎంత అందంగా వచ్చిందంటే రెండు రోజులు ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాను. గట్టు మీద అది నెల నిలవలేదు. తడి చేతులకు సిరా పాకిపోయింది. పేరు అడిగితే కొనేవాళ్ళు అనుమానంగా చూశారు. నగరంలోని హూడి నుంచి కారులో వచ్చిన ఒకాయన పేరెందుకు, ఫోను నంబరు ఎందుకు, ఏం చేస్తారు వీటితో అని గొడవపెట్టుకుని చేపలు వదిలేసి పోయాడు. చివరికి పుస్తకానికి పట్టిన నీచువాసనకు పిల్లులు వచ్చి అట్ట కొరికేశాయి. "నీ పుస్తకం మా చేపల కంటే రుచిగా ఉండాదిలే," అన్నారు ఆడవాళ్ళు నన్ను చూసి.

మళ్ళీ లైబ్రరీకే పోయాను. చేపల పెంపకం వాళ్ళకు శిక్షణ కోసం రాసిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఒక అధ్యాయం నన్ను పట్టుకుంది. ప్రతి చేపనూ తూచనవసరం లేదు. ఎన్ని కుప్పలు అమ్ముడుపోయాయో లెక్కపెట్టి, చూడకుండా తీసిన ఒకటి రెండు కుప్పలు తూచి, హెచ్చవేస్తే చాలు. గుడ్డెల్లో అమ్మేవాళ్ళ కోసమే ఎవరో రాసిపెట్టినట్టు అనిపించింది. ఆ రోజు బస్సులో ఇంటికి పోతుంటే, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా ఆ సంగతి వివరించాను.

పద్ధతి తేలికే. అమ్మే ప్రతి ఒక్కరి పక్కనా ఒక డబ్బా, ఒక గుప్పెడు చింతగింజలు. ఒక గుడ్డె పోతే డబ్బాలో ఒక గింజ. అమ్మకం అయ్యాక సంఘం పెద్దామె కోడలు గింజలు లెక్కపెడుతుంది. ఆ అమ్మాయి పీయూసీ, అంటే ఇంటరు దాకా చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అమ్మకం మొదలయ్యే ముందు, వేలాడదీసే కాటాకు ఒక గుడ్డె తగిలించి ఆ బరువు రాస్తుంది. కొనేవాళ్ళను ఏమీ అడిగే పని లేదు. గుడ్డె అలాగే ఉంటుంది, కొర్రమీను వచ్చి చేరడం, జిలేబీ జారిపోవడం కూడా అలాగే ఉంటాయి. తూచే గుడ్డెను మాత్రం ఏరవద్దని, ఏది చేతికొస్తే అది పెట్టమని అందరికీ చెప్పాను. అందరూ తలలూపారు.

అది నిలబడింది. వానలు పోయి చలి వచ్చినా, చలి పోయి ఎండలు వచ్చినా గింజలు డబ్బాల్లో పడుతూనే ఉన్నాయి. ముసలివాళ్ళు కూడా మరిచిపోలేదు. నేను ఆదివారాలు పోయి పుస్తకం తిరగేసేవాణ్ణి. ఒక్క కొట్టివేత లేదు. మా దుకాణం యజమానికి చూపిస్తే, తన దగ్గర కొన్న పెద్ద పెద్ద సేట్లు కూడా ఇంత శుభ్రంగా రాయరన్నాడు. నా జీవితంలో నేను చదివినదొకటి కాగితం దాటి బయటికొచ్చి పనిచేయడం అదే మొదటిసారి.

గడువు దగ్గరపడ్డాక ఆమె, కోడలు, నేను ముగ్గురం ఆఫీసుకు పోయాం. ఆఫీసరు బాగేపల్లి వైపు మనిషి. తెలుగులోనే మాట్లాడాడు, కుర్చీలు వేయించాడు. పుస్తకం శ్రద్ధగా చూశాడు, ఫోనులో కూడికలు వేశాడు. ఎవరు నేర్పించారని అడిగితే ఆమె నన్ను చూపించింది. నేను లైబ్రరీ సంగతి చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. మరికాసేపు లెక్కలు వేసి, ఇంకో ఫైలు తెప్పించి పక్కన పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన మొహంలో మెప్పు తగ్గింది.

"ఇంత దిగుబడి వస్తాందా మీ చెరువులో? నేను సొల్ప అనుకున్నానమ్మా," అన్నాడు. "ఇంతుంటే ఇది చిన్న చెరువుల పట్టీలో ఉండదు. సంఘాలకు నేరుగా ఇచ్చేది చిన్న చెరువులే. ఇది వేలానికి పోవాల."

ఆయన తప్పేమీ లేదు. నిబంధన అలాగే ఉందని తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. ఆ పూట మాత్రం బయటికొచ్చి ముగ్గురమూ చెట్టు నీడన ఆగాం. రాయకపోతే చెరువు వాడడం లేదన్నారు, రాస్తే మరీ ఎక్కువ వాడుతున్నారన్నారు. కోడలు ఆ మాట అంటూ ఏడ్చింది.

నాకు మాత్రం ఆ అంకె మీద అనుమానం పుట్టింది. సంఘం ఆ చెరువులో వదిలిన చేపపిల్లలెన్నో నాకు తెలుసు. అంత నీళ్ళల్లో ఎంత పండుతుందో చదివి ఉన్నాను. పుస్తకంలోని అంకె ఆ నీళ్ళకు పట్టదు. ఆ వారం దుకాణానికి సెలవు పెట్టి, చెప్పకుండా పోయి, గట్టు మీద దూరంగా కూర్చుని చూశాను.

వల లాగారు, పంచుకున్నారు, గుడ్డెలు పెట్టారు. తూచే వేళ అయింది. కోడలు కాటా పట్టుకుని నిలబడగానే ఒకామె తన పాలులోని పెద్ద బొచ్చెను తెచ్చి ఆ గుడ్డె మీద పెట్టింది. ఇంకొకామె రెండు రాగండ్లు తెచ్చింది. సంఘం పెద్ద స్వయంగా జిలేబీలు ఏరి తీసేసి వాటి స్థానంలో కండ ఉన్నవి సర్దింది. నీళ్ళు చల్లి తళతళలాడించి కాటాకు తగిలించారు. బరువు రాసుకున్నాక ఎవరి చేపలు వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. పెళ్ళిలో వియ్యాలవారికి విస్తరి వేసినంత శ్రద్ధగా చేశారు. అందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. నన్ను చూశాక కూడా ఎవరూ తడబడలేదు.

నేను ఆమె దగ్గరికి పోయి, ఏదైనా ఒకటి తీసి పెట్టమన్నాను గదా అని అడిగాను.

"ఏదైనా అంటే? నువ్వు మా ఇంటికొచ్చి ఏదైనా ఇంత పెట్టమంటే నీకు సద్దిగంజి పోస్తామా? ఉండేదాంట్లో మంచిది పెడతాము. ఆ తూకం సర్కారు కాడికి పోయేది గదప్పా. దానికి బక్కచేపలు పెడితే కాలనీకి ఏం మర్యాద?"

"మొదటి దినం నుంచీ ఇట్లేనా అక్కా?"

"మొదటి దినం నుంచీ. ఒక్క దినం తప్పలే."

ఆ చివరి మాట ఆమె గర్వంగానే అంది. వాళ్ళు ఏమరుపాటుగా ఉండి ఉంటే, ఒక రోజు మంచిది, ఒక రోజు బక్కది పెట్టి ఉంటే, లెక్క ఎంతోకొంత సరిపోయేది. ఒక్క రోజూ తప్పని మర్యాద వల్ల ప్రతి రోజు లెక్కా ఉబ్బింది. నేను చదివిన పుస్తకంలో తూకం తప్పిపోయే దారులన్నీ రాసి ఉన్నాయి. తక్కువ చూపించి పన్ను ఎగ్గొట్టేవాళ్ళ గురించి రాశారు, బద్ధకస్తుల గురించి రాశారు. తూకాన్ని చుట్టంలా చూసుకునేవాళ్ళ గురించి లేదు.

మళ్ళీ ఆఫీసుకు పోయాం. జరిగినదంతా నేను ఆఫీసరుకు విడమరిచి చెప్పాను. కాటా ఎలా పెట్టారో, ఎందుకు పెట్టారో కోడలు కూడా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. నమ్మాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆయన ముందున్నది పుస్తకం.

"నన్ను ఏం రాసుకోమంటారు?" అన్నాడు. "ఈ లెక్క నిజమంటే వేలం. తప్పంటే తప్పుడు లెక్క ఇచ్చినారని రాయాల, దానికీ గుత్త రద్దే, సంఘం పేరు కూడా కొట్టేస్తారు. మూడోది ఏమన్నా ఉంటే చెప్పండి, అదే రాస్తా."

నేను చదివిన చట్టమంతా బుర్రలో వెతికాను. గడువు అడగవచ్చని, మళ్ళీ ఒక సంవత్సరం తూచి చూపిస్తామని అన్నాను. గడువు ఇచ్చే అధికారం తనకు లేదని, పైకి రాసుకొమ్మని ఆయన అన్నాడు. ఆమె నా మోచేతి మీద చేయి వేసి ఆపింది.

"ఆ లెక్క నిజమనే రాసుకోండి సార్."

బయటికొచ్చాక నేను కోపంగానే అడిగాను, ఎందుకలా ఒప్పుకున్నావని. రెండు దారులూ చెరువు పోయే దారులేనని, అందులో ఒకటి దొంగలనిపించుకునే దారి కూడానని, దాంట్లోకి ఎందుకు పోవాలని ఆమె మెల్లగా చెప్పింది. కోడలు పుస్తకాన్ని ఆఫీసులోనే వదిలేసి వచ్చింది. దాన్ని అడగడానికి ఎవరమూ వెనక్కి పోలేదు.

నేను పైకి రాశాను. లైబ్రరీ బల్ల మీద కూర్చుని, కన్నడంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. గుడ్డె అంటే ఏమిటో, మర్యాద అంటే ఏమిటో వివరించి రాశాను. ఆ ఇంగ్లీషు అర్జీ నేను రాసినవాటన్నిటిలోకీ మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. జవాబు రాలేదు. వేలం రోజున సంఘానికి ధరావతు కట్టే శక్తి లేక, వాళ్ళు పేరు కూడా ఇవ్వలేదు. సొంత లారీలున్న ఒకాయన చెరువు తీసుకున్నాడు. వల లాగడానికి ఆయన మనుషులు ఆయనకున్నారు. కాలనీవాళ్ళు గట్టెక్కితే కాపలావాడు కిందికి దింపుతున్నాడు.

లైబ్రరీకి నేను పోవడం మానలేదు. ఆ చేపల పుస్తకం ఇంకా అలమరలోనే ఉంది. దాన్ని దాటుకుని వేరే వాటి దగ్గరికి పోతాను. చదివితే దారి దొరుకుతుందని ఇన్నాళ్ళూ నమ్మినవాణ్ణి. ఇప్పుడు చదవకుండా ఉండలేక చదువుతున్నాను.

మొన్న పొద్దున ఆనేకల్ బస్సులో ఆమె కనబడింది. నీలంరంగు యూనిఫాం చీర, మెడలో ఫోటో అంటించిన కార్డు. హూడిలో ఒక అపార్టుమెంటులో మెట్లు తుడిచే పనికి కుదిరిందట. సిల్క్ బోర్డు దగ్గర బస్సు మారి పోవాలి. కాలనీ నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళను కూడా పనికి పెట్టించిందని, కోడలు మాత్రం పుట్టింటికి పోయిందని చెప్పింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయంది. మెట్ల పని గదా అన్నాను.

"నీళ్ళల్లో నిలబడితే ఎప్పుడూ నొయ్యలేదప్పా. ఎండిన చోట నొస్తాండాయి."

సిల్క్ బోర్డు రాగానే ఆమె లేచింది. వేళకు వేలిముద్ర పడకపోతే సగం దినం కూలి కోస్తారని చెప్పి, బస్సు పూర్తిగా ఆగకముందే దిగి, ఎదురు రోడ్డులో ఆగిన బస్సు వైపు గుంపులో పడి నడిచింది. ఆ బస్సు ఆమె చేరకముందే కదిలింది.