నూట ఇరవై ఏళ్ల గిడ్డమ్మ

గిడ్డమ్మ వయసెంత అని ఎవరైనా అడిగితే నేను రెండు లెక్కలు చెబుతాను. సర్కారు కాగితం ప్రకారం 1954లో ఆమెకు నూట ఇరవై. ఆ కాగితం మీద సంతకం నాదే కాబట్టి కాదనలేను. నిజం అడిగితే మాత్రం ఎనభై నాలుగు.

ఆ ఏడు, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది నిండబోతోంది. ఆ వేడుకకు ప్రతి తాలూకా నుంచీ అందరికన్నా ముసలివాళ్లను ఒకరిని పిలిపించి శాలువా కప్పాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. అలా వచ్చినవాళ్లు తమ ఊరికి కావలసింది ఒక్కటి అడగవచ్చునట, అది తీరుస్తారట. ఈ చివరి మాట దండోరా వేయించకుండా ఉండాల్సింది. నెల తిరిగేలోగా పత్తికొండ తాలూకాలో నూరేళ్లు దాటినవాళ్లు ముప్పై ఒక్కమంది పుట్టుకొచ్చారు. వాళ్ల వయసులు తేల్చే పని తాలూకా కచేరీ గుమాస్తానైన నా నెత్తిన పడింది.

పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇల్లు ఆ పల్లెల్లో ఒక్కటీ లేదు. అందుకని కరువును పట్టుకుని లెక్కగట్టేవాణ్ని. అప్పటికి డెబ్బై ఏడేళ్ల కిందట ధాత కరువు వచ్చింది. "అప్పటికి నీకు మీసాలొచ్చినాయా తాతా? పెండ్లయిందా?" అని అడిగి, వచ్చిన జవాబును బట్టి కూడికలు వేసేవాణ్ని. ఒకాయన కర్నూలు నవాబును కళ్లారా చూశానన్నాడు. అరుగు మూల కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చి "యాడ సూసినావురా, అబద్దాలకోరా!" అని ఆయన నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. నువ్వెవరమ్మా అంటే, వాళ్లమ్మ! ఇట్లా ముప్పైమందిని కొట్టేశాను. మిగిలింది తెల్లచెలిమ పెద్ద ఈరన్న.

తెల్లచెలిమలో మంచినీళ్ల బావి ఒక్కటే. అది పై గేరిలో, అంటే పెద్దకులాల వాడలో, ఉండేది. ఈరన్న కొడుకు మారెన్న ఊళ్లో మాట చెల్లే మనిషి. అతనికి తన దొడ్డి పక్కన ఇంకో బావి కావాలి. తండ్రికి శాలువా కప్పితే కొడుక్కి బావి వస్తుందన్నమాట. ఇది ఊరంతటికీ తెలిసిన గుట్టు.

కింది గేరి వాళ్లు పై గేరి బావిలో చేద వేయకూడదు. కుండలు కింద పెట్టి దూరంగా నిలబడాలి. ఎవరికైనా దయ పుట్టి పైనుంచి పోస్తే పట్టుకుని పోవాలి. పొద్దున పోయిన ఆడది మధ్యాహ్నానికి ఇల్లు చేరిన రోజులు ఎన్నో. గిడ్డమ్మ ఆ గేరి మనిషే. తల్లి తర్వాత ఊరికంతటికీ ఆమే మంత్రసాని. అరవై ఏళ్లుగా పై గేరిలో ఆమె చేతుల్లో పడకుండా భూమ్మీద పడిన బిడ్డ లేడు. కానుపుకు పనికొచ్చిన ఆ చేతులు బావికి మాత్రం పనికిరాలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను పోయేసరికి చావడి ముందు ఈరన్నను మంచం మీద పడుకోబెట్టి, సెప్టెంబరు ఉక్కలో రెండు కంబళ్లు కప్పి ఉంచారు. నన్ను చూడగానే వణకడం మొదలుపెట్టాడు. నడుమ ఎవరిదో ఎద్దు వాళ్ల గడ్డివామి మీద పడింది. ఈరన్న దిగ్గున లేచి, దాన్ని వీధి మలుపు దాకా తరిమి వచ్చి, మళ్లీ పడుకుని, వణుకు ఎక్కడ ఆపాడో అక్కడినుంచి అందుకున్నాడు.

"ధాత కరువు నాటికే మా నాయనకు ఇద్దరు పిల్లోళ్లు సామీ. ఇప్పుడు నూట ఎనిమిదేండ్లు. ఇదో, ఈ పట్టా సూడండి," అన్నాడు మారెన్న.

ఎనభై ఏళ్ల నాటి పట్టా. పెద్ద ఈరన్న అని పేరు స్పష్టంగా ఉంది. తాత పేరు మనవడికి పెట్టడం ఈ సీమలో ఆచారం. తాత పోయినా పట్టా మార్పించుకోకపోవడం అంతకన్నా గట్టి ఆచారం. నాకు అర్థమైంది గానీ, అర్థమైతే చాలదు, రుజువు కావాలి.

ఎనభై దాటిన సాక్షి ఒకరి వేలిముద్ర ఉండాలన్నది మా నియమం. ఊళ్లో అంత వయసున్నది గిడ్డమ్మ ఒక్కతే. "ఆయప్ప నాకంటే శానా పెద్దోడు అని చెప్పి ఏలిముద్ర ఏసి పో" అని నేర్పి మరీ పిలిపించారు. ఆమె కర్ర పట్టుకుని వచ్చి, చావడికి ఆమడ దూరంలో నిలబడింది.

"ఏమే గిడ్డీ, చెప్పు," అన్నాడు ఈరన్న కంబళిలోంచి. తనకన్నా పెద్దామెను ఏమే అనడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు.

"నూట ఎనిమిదే సామీ, అనుమానమే లేదు. నేనుండి సూసిన గదా," అంది గిడ్డమ్మ.

మారెన్న మొహం చాటంత అయింది.

"ఏం చూశావమ్మా?" అన్నాను.

"ఆయప్ప పుట్టేది. మాయమ్మ కానుపు చేస్తాంటే ఆముదం దీపం పట్టుకోని పక్కనే నిలబడినా. చెయ్యి వణికి, కాగిన ఆముదం సుక్క బిడ్డ తొడ మీద పడె. ఆ పొద్దు మాయమ్మ నా ఈపు పగలగొట్టె. మచ్చ యింకా ఉండాది గదప్పా, సామికి సూపియ్యి."

ఈరన్న చెయ్యి దానంతట అదే కంబళి కింద కుడితొడ మీదికి పోయింది. ఆ మచ్చ సంగతి ఊళ్లో తెలియనివాడు లేడు. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"అప్పటికి నీకెన్నేళ్లు?"

"పన్నెండు సామీ. దీపం పట్టే ఈడు."

నూట ఎనిమిదికి పన్నెండు కలిపి పైకే చదివాను. "నూట ఇరవై. అయితే తాలూకాలో అందరికన్నా పెద్ద నువ్వే అవ్వా."

మారెన్న ఎగిరి పడ్డాడు. "యాడివి సామీ దానికి అన్నేండ్లు? ఎనభై నాలుగుంటే గొప్ప!"

"ఎనభై నాలుగులో పన్నెండు పోతే మీ నాయనకు డెబ్బై రెండు. అదే రాయమంటావా? ఆ పట్టా ఏ ఈరన్నదో అది కూడా రాయమంటావా?"

మారెన్న పట్టాను గబగబా మడిచి రొంటిన దోపుకున్నాడు. గిడ్డమ్మ మాత్రం నేల చూపులు చూస్తూ, పాపమేమీ ఎరగనట్టు నిలబడి ఉంది. కాసేపటికి మారెన్న పక్కవాళ్లతో గుసగుసలాడి, సరేనని ముందుకొచ్చాడు. కర్నూలుకు ముసలిది పోయినా బావి వచ్చేది మన ఊరికే కదా, ఏమడగాలో నేర్పి పంపిస్తే సరి అని అతని లెక్క. ఒకసారి నేర్పి చెడినవాడు రెండోసారీ నేర్పడానికే సిద్ధపడ్డాడు. నూట ఇరవై అని నేను రాసిన కాగితం మీద, ఎనభై దాటిన సాక్షిగా తండ్రి చేత వేలిముద్ర వేయించి, పక్కన తానూ సంతకం చేశాడు.

అది అబద్ధమని నాకు తెలుసు. ముప్పైమంది అబద్ధాలు కొట్టేసిన చేత్తోనే దాని కింద సంతకం పెట్టాను. వాళ్లు తెచ్చిన లెక్కతోనే ఆమె వాళ్లను గెలిచింది. ఓడించడానికి నేనెవణ్ని?

కర్నూలు బస్సులో అడిగాను, "మారెన్న ఏం నేర్పినాడవ్వా?" అని.

"దొడ్డి పక్కన బావి, దొడ్డి పక్కన బావి అని నూరుసార్లు చెప్పినాడు నాయనా. ముసలిదాన్ని, గుర్తుంటాదో ఉండదో," అంది కిటికీలోంచి చూస్తూ.

వేదిక మీద శాలువా కప్పి, ఇన్నేళ్లు బతకడానికి రహస్యమేమిటని మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"నీళ్లకు నిలబడి నిలబడి, సచ్చేదానికి తీరిక దొరకలేదు సామీ," అంది గిడ్డమ్మ.

జనం విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తర్వాత కోరికేమిటని అడిగితే ఒక్క మాటా తడబడకుండా చెప్పింది. "తెల్లచెలిమ కింది గేరిలో ఉరుకుందు అనేటోని గుడిసె ముందర బండ ఉండాది. దాని పక్కన బావి తవ్వియ్యండి. పై గేరిలో వద్దు." అక్కడి గుమాస్తా అంతా రాసి, చదివి వినిపించేదాకా మైకు వదల్లేదు. నేను చూసిన ముసలివాళ్లలో ఆమె జ్ఞాపకశక్తి అంత గట్టిది ఇంకొకరికి లేదు.

మరుసటి ఎండాకాలానికి అక్కడే బావి పడింది. పదకొండు మట్లు, అంటే పదకొండు నిలువుల లోతు, తవ్వితే తియ్యటి నీళ్లు వచ్చాయి. మారెన్న ఆరు నెలలు ఆ గేరి వైపు తల తిప్పలేదు.

1956 వేసవిలో, నూట ఇరవై రెండేళ్ల గిడ్డమ్మ బతికుందో లేదో చూసి రమ్మని మళ్లీ నన్నే పంపారు. ఆ ఏడు వానల్లేవు. పై గేరి బావిలో బురద మిగిలింది. కింది గేరి బావి దగ్గర పై గేరి ఆడవాళ్లు, మగవాళ్లు వరసగా చేదుకుంటున్నారు. పెద్ద ఈరన్న ఒక్కడే ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, దూరంగా నిలబడ్డాడు. ఆ వేళకు ఇంట్లో ఎవరూ లేనట్టుంది. గిడ్డమ్మ బావి గట్టు మీద చెంబు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, అంత దూరాన నిలబడినావు? ఎవరైనా పోస్తారని సూస్తాండావా? ఈడ ఆ పద్ధతి లేదు. వచ్చి చేదుకో," అంది.

ఈరన్న బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి, బిందె గట్టు మీద పెట్టి, చేద బావిలోకి వదిలాడు. రొప్పుతూ పైకి లాగాడు. తన బిందె పక్కనే ఉన్నా అందులో పోయలేదు.

"గిడ్డవ్వా, చెంబు పట్టు," అన్నాడు.