మామ ముందు గీసిన ఒంటిగీతలు

మా మామ మొన్న శనివారం తెల్లవారుజామున ఆత్మకూరులో పోయారు. ఉదయగిరి నుంచి వచ్చిన చుట్టాలు నా చేతులు పట్టుకుని, "నీ మాదిరి చూసుకునే కోడలు యాడా ఉండదమ్మే" అన్నారు. తల వంచుకుని విన్నాను. కాదనలేదు. ఆ ఊరకుండటం సహించలేక, ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను ఇది రాస్తున్నాను.

నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాదు. పూజ కానిదే మంచినీళ్ళైనా ముట్టను. అందుకే నేను మామను అన్న మాటలు ఇంట్లో అందరికీ నిజమనిపించాయి.

ఉదయగిరిలో ఉన్నప్పుడు ఆయన నడక మారింది. ముందుకు వాలి, ఎవరో తరుముతున్నట్టు చిన్న చిన్న అడుగులు వేసేవారు. గడప దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేవి. ఊళ్ళో తగాదాలు తీర్చిన మనిషి ఆయన. టీ అంగడి బల్ల మీద కూర్చునేవాళ్ళు, "పెద్దాయన పొద్దన్నే పట్టించినాడు" అని నవ్వేవాళ్ళు. ఆయన చుక్క ముట్టి ఎరగరు. ఆ మాట చెవిన పడ్డాక వీధిలోకి పోవడం మానేశారు.

అయితే మిద్దె మెట్లు మాత్రం తడబడకుండా ఎక్కేవారు, ఎండబెట్టిన మిరపకాయలు తిరగేయడానికి. అది చూసి నాకు మండింది.

"మిద్దె మెట్లు టకటకా ఎక్కతారే మామా, వంటింటి గడప కాడ కాళ్ళు రావా? ఎవురి మీద ఈ వేషం?"

ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. అదీ జబ్బేనని తెలియక పొగరనుకున్నాను.

"నా కాళ్ళు నన్నడిగి ఆగతాయా అమ్మే" అన్నారు.

మంచం పక్కన నీళ్ళ చెంబు పెట్టడం మానేశాను. దాహమైతే తనే లేస్తారనుకున్నాను. లేచారు. గడప దగ్గర పాదాలు ఆగాయి, ఒళ్ళు ఆగలేదు. నుదురు పగిలింది.

నెల్లూరులో డాక్టరు ఆ జబ్బును పార్కిన్సన్స్ అంటారన్నాడు. "మెట్టు కంటికి కనబడుతుంది, కాలు లేస్తుంది. సాపు నేల మీద, గుమ్మాల దగ్గరే కష్టం. నటన కాదమ్మా" అన్నాడు. మామ నా వైపు చూడలేదు. ఆనాటి నుంచి నా చేతి నీళ్ళు తాగలేదు. మా ఆయన ఇస్తేనే తాగేవారు.

ఒక ఉదయం మా ఆయన మామను అరుగు మీద కూర్చోబెట్టి పోయారు. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. మామ లేచారు. మా ఇంట్లో ఎవరూ ముగ్గు తొక్కరు. ఆయన పాదం ఎత్తి గీత దాటారు. ఉత్త నేల రాగానే ఆగిపోయారు. ముందర ఇంకో గీత గీశాను. అదీ దాటారు.

ఇంట్లో అడుగుకొక అడ్డగీత గీశాను. ఆడబిడ్డ వచ్చి చూసింది.

"బతికుండే మనిషి ముందర ఒంటిగీతలేంది వదినా, కర్మకు గీసినట్టు? మా నాయన ఎప్పుడు పోతాడా అని చూస్తాండావా?"

నేనూ ఆ పట్టింపుల్లో పెరిగినదాన్నే. భయపడుతూనే, దేవుడికి చెప్పుకుని మళ్ళీ గీశాను.

మేం కాపురం ఆత్మకూరుకు మారే ముందు రోజు మామ నన్ను పిలిచారు. చాలా నెలల తర్వాత నాతో మాట్లాడారు.

"టీ అంగడి దాకా పోవాల. గియ్యి."

వీధిలో వంగి, వెనక్కి నడుస్తూ గీశాను. ఆయన ఒక్కొక్కటీ దాటుతూ వచ్చారు. బల్ల మీద నుంచి ఒకడు లేచి ఎదురొచ్చాడు.

"ఏంది పెద్దాయనా, కోడలి చేత వీధంతా ముగ్గేయిస్తాండావే?"

"నా నడకతో నీకేంది పని? తొక్కబాక, అవతలికి జరుగు" అన్నారు. వాడు జరిగాడు. తర్వాత నాతో, "వంకర పోతాండాది. సరిగ్గా గియ్యి" అన్నారు.

ఆయన నన్ను క్షమించలేదు. చివరి గుక్క కూడా కొడుకు చేతి మీదుగానే తాగారు. అయినా ఆ రోజు తన ముందు నన్ను నడవనిచ్చారు. అందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అంగడి చేరాక ఆయన బల్ల మీద కూర్చుని, వణికే చేత్తో టీ గ్లాసు పట్టుకుని, వచ్చిన దారినే చూశారు. ఇంటి నుంచి అక్కడి దాకా తెల్లటి గీతలు. ఒక్కటీ చెరగలేదు.

పిల్లలూ, ఈ కాగితాలు దాచి ఉంచండి. ఎవరికీ చూపవద్దు. చదివినవాళ్ళు జాలిపడి, ఆయన క్షమించనిదాన్ని తాము క్షమించేస్తారు.