మంచం కింద రాణి

మొన్న దత్తత తీసుకున్న కుక్క సోఫా కింద నుంచి బయటికి రావట్లేదు. దాన్ని చూస్తుంటే కాగజ్‌నగర్‌లో మా నులక మంచం గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా.

పక్కింటివాళ్లు ఊరు విడిచిపోతూ వదిలేసిన వాళ్ల కుక్క రాణిని మా నాన్న, అంటే మా బాపు, ఇంటికి తెచ్చాడు. రెండు రోజులు అది ఆ మంచం కిందే, ఏమీ తినకుండా పడుకుంది. నేను కాలు పట్టి లాగబోతే మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, ఆపింది.

"గుంజకు బిడ్డా. దాని ఇల్లు పోయింది. జర టైం పడ్తది."

అవ్వ మంచం పక్కనే కూర్చుని, దానివైపు చూడకుండా, చాటలో బియ్యం ఏరుతూ దానితో ముచ్చట పెట్టేది. మూడో రోజు రాణి మెల్లగా వచ్చి, అవ్వ పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. అప్పుడే బాపు చాయ్ అడిగాడు.

"నేను లేస్తే ఇది లేస్తది. ఇయ్యాల నువ్వే పెట్టు," అంది అవ్వ.

ఎన్నడూ పొయ్యి ముట్టని బాపు, గిన్నె చప్పుడు కాకుండా చాయ్ పెట్టి, ముందు అవ్వకే ఇచ్చాడు.