కొసరు వేసిన చుట్టరికం

మాది అంగడి ఇల్లు. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. పావగడలో వేరుశెనగ గింజను వేళ్ల మధ్య నలిపి ధర చెప్పేవాళ్ల మధ్య పెరిగి, తుమకూరులో బీఎస్సీలో చేరి నాచుల వంశవృక్షాలు చదివాను. మా నాన్న దృష్టిలో అది కొనేవాడు లేని సరుకు.

ఆ కరువు ఏడాది సెలవులకు వచ్చేసరికి ఊరి కుంట అడుగంటింది. మిగిలిన కాసిన్ని నీళ్ల మీద రంగు డబ్బా ఒలికినట్టు పచ్చటి తెట్టు కట్టింది. మా వీధి చివరి అక్క తన ఎద్దుల జతను అక్కడికే తోలుకొస్తోంది. ఒకప్పుడు గొర్రెలు కాసిన ఇల్లు వాళ్లది. భర్త పోయాక ఆమె సేద్యమంతా ఆ ఎద్దుల మీదే.

"తాపొద్దక్కా. ఆ పచ్చది విషం కావచ్చు."

"ఏందప్పా విషం? పాచి కదా, గడ్డి మాదిరే పచ్చగుండాది. గడ్డి తిని ఏ ఎద్దు సచ్చింది?"

పెళ్లి సంబంధానికి అక్కవాళ్లు మొదట అడిగేది బెడగు, అంటే వంశం. రంగూ రూపూ ఆ తర్వాతే. నేనూ ఆ దారినే పోయాను.

"బండకు దారాల్లా పట్టే పాచి ఉండాది చూడు, అదీ గడ్డీ ఒకే బెడగు. సముద్రంలో ఎర్ర నాచు వాటికి దాయాది. ఈ తెట్టు బెడగే వేరు. సూక్ష్మక్రిముల వంశం. రంగు చూసి మోసపోవద్దు."

ఆమె పగ్గం బిగించింది. బేరం కుదిరినట్టే. అక్కడ నోరు మూసుకోవాల్సింది. కానీ కొసరు వేయనిదే అంగడివాడి చెయ్యి ఆగదు.

"నిజానికి గడ్డిలో పచ్చదనం కూడా ఈ తెట్టు వంశానిదే. ఏనాడో ఒక కణం దీని పూర్వీకుణ్ణి మింగి, అరిగించుకోలేకపోయింది. వాడు ఇల్లరికపు అల్లుడై లోపలే ఉండి అన్నం వండి పెడతాండాడు. గోధుమరంగు నాచైతే అల్లుడున్న ఇంటినే మింగేసింది."

"అట్లయితే వియ్యంకులే కదప్పా! వియ్యంకుల నీళ్లు తాగితే తప్పా?" అంటూ ఎద్దులను అదిలించింది.

చేతిలోని బేరం జారిపోతోంది. కూతురి అత్తవారితో ఆమెకున్న తగవు వీధంతటికీ తెలుసు.

"నీ అల్లుడు బంగారమని నువ్వే అంటావే. మరి వాళ్లింట్లో నీళ్లు ముట్టినావా ఈ మధ్య?"

ఎద్దుల ముట్టెలు నీటిని తాకబోతుండగా పగ్గం వెనక్కి లాగింది. "నీ నోట్లో మన్ను పొయ్య" అని తిట్టుకుంటూ వాటిని మళ్లించుకుపోయింది.

దగ్గర్లో నీళ్లున్నది ఒక రైతు బోరులోనే. ఆయన తాపనిచ్చాడు గానీ, వాన పడితే ఆ ఎద్దులతో మొదట తన చేనే విత్తాలన్నాడు. వాన పడింది. ఆయన చేను ముగించి ఆమె తన చేనికి వచ్చేసరికి నేలలో పదును ఆరిపోయింది. వేరుశెనగ అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది.

కుంటలో తాగిన మేకల్లో కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. మేత లేక ఆ ఏడాది మేకలు ఎటూ చస్తూనే ఉన్నాయి. అలాంటి తెట్టు ప్రతిసారీ విషం కాదని నేను తర్వాత చదివాను.

చింతపండుకు అంగడికి వచ్చినప్పుడు ఆమె మెల్లగా అడిగింది. "అప్పా, అది నిజంగా విషమేనా?"

నేను చింతపండు తూచి, అడక్కుండానే ఇంకో పిడికెడు కొసరు వేశాను.