పప్పన్నానికొక కథ, పెరుగన్నానికొక కథ

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న కాలమే. కానీ ఒక్కచోట కుదురుగా కూర్చోవడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. నంద్యాలలో రోజూ బస్సెక్కి ఆళ్లగడ్డలో ఒక కేబుల్ ఆఫీసుకు పోయేవాణ్ణి. మొదటి ఉద్యోగం. "ఇది పోగొట్టుకున్యావంటే పాణ్యంలో మీ మామ ఎరువుల అంగట్లో మూటలు మోద్దువు" అని నాయన ముందే చెప్పిపెట్టాడు. ఆ వాసన గుర్తొస్తేనే నాకు కాలు నిలిచేది కాదు.

సాయంత్రాలు పిల్లల కార్టూన్ వేయడం నా పని. తిండిపోతు ఏనుగుపిల్ల ఒకటి ఊరంతా తిరిగి తంటాలు తెచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి సాగిన సీరియల్. ఒక్కో ఎపిసోడ్‌లో రెండు పొట్టి కథలు, మధ్యలో రెండో కథ పేరుతో ఒక బొమ్మ. మొదటిది ఉరుకులు పరుగులు, రెండోది నిదానం. దీనికీ దానికీ సంబంధమే ఉండదు. సంబంధం లేనివాటిని ఒకే పూట వేయడమెందుకని నా బుర్రకు తోచింది. (బుర్ర ఖాళీగా ఉంటే ఇలాంటివే తోస్తాయి.) రోజుకొక కథ వేస్తే సీరియల్ రెండింతల రోజులొస్తుంది, మిగిలిన సమయంలో చీరల అంగడి ప్రకటనలు వేసుకోవచ్చు, ఓనరు మెచ్చుకుంటాడు. ఆయన్ను అందరూ రిమోటన్న అనేవారు, నిద్రలోనూ చేతిలో రిమోట్ వదలడని. ఆయన్ను అడక్కుండానే కత్తిరించేశాను.

మొదటిరోజు చీరలు తెరమీదికి వచ్చాయో లేదో ఫోన్లు మొదలయ్యాయి. "ఏందప్పా, సగంలో నిలిపేసినావు? మా పాప నోరు తెరవడంల్యా!" అందొకామె. కథ పూర్తయిందమ్మా, ఇంకోటి రేపు అన్నాను. "కత అయిపోతే సరా? అన్నం అయిపోవద్దా?" నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

అంతలో పై ఇంట్లోంచి రిమోటన్న భార్య దిగివచ్చింది. మేమంతా ఆమెను వదినా అనేవాళ్లం. చంకలో కొడుకు, చేతిలో పెరుగన్నం గిన్నె. వెనకే రిమోటన్న, రిమోట్ లేకుండా! నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

"ఏం చేస్తాండావప్పా ఈడ? మొదటి కతకు పప్పన్నం, రెండో కతకు పెరుగన్నం. ఊర్లో అందరిండ్లల్లో ఇంతే. ఇప్పుడీ పెరుగన్నం ఎవురు తినాల, నువ్వు తింటావా?"

చీరలు ఆపి రెండో కథ వేశాను. పేరు బొమ్మ పడగానే పిల్లవాడి నోరు తెరుచుకుంది. వదిన నిలబడే ముద్దలు పెట్టింది. ఫోన్లు ఒక్కొక్కటే ఆగాయి. చివరి ముద్దకు వాడు తల తిప్పుకుంటే, నోరు తెరుచుకుని చూస్తున్న నా నోట్లో పెట్టేసింది. "రేపట్నుంచి రెండూ వెయ్" అన్నాడు రిమోటన్న. రేపు అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇప్పుడు నా కూతురికి నేనే అన్నం పెడుతున్నాను. ఫోన్లో కథ వెనక కథ దానంతటదే వస్తుంది, ఎక్కడా ఆగదు. పెరుగు ఎప్పుడు కలపాలో నాకు తెలియదు. కదలకుండా కూర్చోవే అని చెప్తూ ఇల్లంతా దాని వెనక తిరిగి తిరిగి, చివరికి ఆ గిన్నె నేనే ఖాళీ చేస్తాను. ఆనాడు వదిన అడిగినదానికి ఇన్నాళ్లకు జవాబు దొరికింది. తింటా వదినా, రోజూ తింటాండా.