కదలని లిఫ్టు

ఆఫీసులో అందరూ ఆమెను తుంటరి అనేవారు. ఆమె ఉద్యోగం అలాంటిది మరి. లిఫ్టులు తయారుచేసే కార్ఖానా పై అంతస్తులో కూర్చుని, బాగున్నదాన్ని పనిగట్టుకుని చెడగొట్టడమే ఆమె పని. లిఫ్టు ఎలా నడవాలో పెద్ద ఇంజనీరు నియమాలు రాసేవాడు. లిఫ్టును నడిపే ప్రోగ్రాం వాటిని పాటిస్తోందో లేదో కంప్యూటరు సరిచూసేది. తుంటరి ఆ ప్రోగ్రాంలో గుట్టుగా ఒక తప్పు పెట్టేది. తెర ఎర్రబడితే తప్పు దొరికినట్టు, నియమాలు గట్టివన్నమాట. పచ్చగానే ఉంటే నియమాల్లో ఎక్కడో చిల్లు ఉన్నట్టు.

ఒక ముసురు మధ్యాహ్నం, కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ చూస్తూ, పరధ్యానంగా ఒక చిత్రమైన తప్పు పెట్టింది. ఎవరు పిలిచినా, ఏ మీట నొక్కినా లిఫ్టు కదలదు. కంప్యూటరు నియమాలన్నీ చూసుకుంటూ పోయింది. తలుపు తెరిచి ఉంటే కదలకూడదు. కదల్లేదు. బరువెక్కువైతే కదలకూడదు. కదల్లేదు. తెరంతా పచ్చగా వెలిగింది.

ఆ వెలుగు చూస్తూ ఆమె ఎటో తేలిపోయింది. కళ్ళముందు ఒక లిఫ్టు, మూసిన తలుపు. లోపల ఒకావిడ చేతిలో పూలకుండీ. పైన ఎవరో ఎదురుచూస్తున్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎవరూ ఎక్కడికీ చేరనూ లేదు.

ఇంజనీరును పిలిచి చూపించింది. ఆయన నవ్వాడు.

"కదలని లిఫ్టుతో ఎవరికమ్మా ప్రమాదం?"

"లోపలున్నవాళ్ళకి సార్."

ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నీ వద్దు వద్దు అనే రాశాను. రమ్మని ఒక్కచోటా చెప్పలేదు," అన్నాడు మెల్లగా.

సాయంత్రానికల్లా కొత్త నియమం చేరింది: పిలిస్తే రావాలి, ఎక్కినవాళ్ళను చేర్చాలి. ఆమె మళ్ళీ అదే తప్పు పెట్టింది. తెర భగ్గున ఎర్రబడింది. పట్టుబడినందుకు అంత సంబరపడ్డ మనిషిని ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు.

ఆ లిఫ్టును ఊళ్ళో ఒక కొత్త మేడలో బిగించారు. తుంటరి తనను పెంచిన పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళింది. పిన్నికి లిఫ్టంటే హడల్.

"నువ్వు చెడగొట్టింది ఇదేనటే?"

"ఇదే పిన్నీ, ఎక్కు."

"ఓసి నీ అఘాయిత్యం!" అంటూ పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె జబ్బ పట్టుకుంది. తలుపు మూసుకుంది. నేల నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు సన్నగా పైకి లేచింది.

"ఎప్పుడు కదులుతుందే?" అంది పిన్ని, కాసేపాగి.

"కళ్ళు తెరువు."

ఎదురుగా తెరిచిన తలుపు, డాబా, దాని నిండా ఆకాశం.